పూల దుంపలు (బల్బులు) చవగ్గా ఎక్కడ దొరుకుతాయి? ప్యాకెట్లు కొని విసిగిపోయాను

కొత్తమొక్క
గోడ పక్కన మూడు మీటర్ల పొడుగు మడి ఒకటి ఖాళీగా ఉంది. దాన్నిండా దుంపల పూలు పెంచుదామని కిందటేడు ఒక ప్యాకెట్ తెప్పించాను. అన్ని రకాలూ కలిపి పాతిక దుంపలు, ధర మాత్రం ఆశ్చర్యపోయేంత తక్కువ. కవరు మీద బొమ్మ చూసి మురిసిపోయాను. విప్పితే ఏడు దుంపలు వేలు పెడితే లోపలికి దిగిపోతున్నాయి, ఇంకో రెండు లోపల ఎండి డొల్ల అయిపోయాయి. మిగతా పదహారూ నాటాను. పదకొండు మొలిచి, గడ్డిపోచల్లాంటి ఆకులేసి, నాలుగు నెలలుండి పడుకున్నాయి. ఒక్క పువ్వు లేదు. పోనీ మంచివి ఒక్కొక్కటీ విడిగా కొందామంటే మడి నిండేలోపు జేబు ఖాళీ. తక్కువ ఖర్చులో పూసే దుంపలు ఎలా సంపాదిస్తున్నారు మీరంతా?

బాల్కనీబుజ్జి
బల్బుల గురించంటే కరెంటు బల్బులనుకుని వచ్చాను. వచ్చాక ఎలాగూ కూర్చుంటా.

పాతపార
ముందు మూడు సంగతులు చెప్పండి. ప్యాకెట్‌లో ఏయే రకాలు? మీ దగ్గర చలి ఎంత? కవరు మీద సైజు ఏమైనా రాశాడా?

కొత్తమొక్క
ట్యులిప్, హయసింత్, గ్లాడియోలస్, "ఇంకా ఎన్నో" అని ఉంది. ఆ ఇంకా ఎన్నో ఏమిటో వేసినవాడికే తెలియాలి. మాది వేడి ప్రదేశం, చలికాలం రాత్రుళ్ళు కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. సైజంటే ఏమో, మూలన 5/6 అని ఉంది. తేదీ అనుకున్నాను.

పాతపార
అది తేదీ కాదు, దుంప నడుం కొలత! దుంపల వ్యాపారంలో చుట్టుకొలతని సెంటీమీటర్లలో రాస్తారు. 5/6 అంటే చుట్టూ 5 నుంచి 6 సెం.మీ. ట్యులిప్ సరిగ్గా పూయాలంటే 10 అయినా ఉండాలి, మేలైన సరుకు 12, ఆపైన. హయసింత్ 14/15 నుంచి 18/19 దాకా వస్తుంది. అమరిల్లిస్ పేరుతో అమ్మేవి 24/26 నుంచి 34/36 దాకా ఉంటాయి, అంటే రెండు చేతులతో పట్టుకోవాల్సినంత. మీకు వచ్చినవి పిల్ల దుంపలు. అవి ఆకులేసి, బలం కూడగట్టుకుని పడుకుంటాయి. పువ్వు వాటి వయసు పని కాదు.

క్రోకస్, ఫ్రీసియా లాంటి చిట్టి రకాలకైతే 5, 6 చాలు, వాటి ఒళ్ళే అంత. అందుకే ఈ కలగూరగంప ప్యాకెట్ల జోలికి పోవద్దంటాను. అన్ని రకాలకూ కలిపి ఒకే సైజు రాశాడంటే ఏదో ఒకదానికి అన్యాయం జరిగినట్టే.

లెక్కలమాస్టారు
పాతపార గారి మాటకి నా లెక్క జోడిస్తాను. దుంప ధర చూడకండి, పువ్వు ధర చూడండి. నేను కొన్నప్పుడు ఒక పెద్ద అమరిల్లిస్ ధరకి నాలుగు చిన్నవి వచ్చేవి. పెద్దది మొదటి ఏడే రెండు కాడలు వేసింది, కాడకి నాలుగు పూలు. మూడేళ్ళలో ఇరవై నాలుగు పూలు, పక్కన రెండు పిలకలు. చిన్నవి తెచ్చిన మా తమ్ముడు రెండేళ్ళు ఆకులు చూస్తూ కూర్చున్నాడు. మూడో ఏడు నాలుగు కుండీల్లో కలిపి పన్నెండు పూలు. ఎవరు చవగ్గా కొన్నట్టు?

నిదానం
మాస్టారూ, లెక్క మూడో ఏటే ఎందుకు ఆపేశారు? అయిదో ఏడు కూడా చెప్పండి. మీకు ఒక దుబ్బు ఉంటుంది, మీ తమ్ముడికి నాలుగు దుబ్బులు. నేను ఎప్పుడూ చిన్నవే కొంటాను. ఆగడానికి డబ్బులు అక్కర్లేదు కదా.

లెక్కలమాస్టారు
అయిదేళ్ళ దాకా మా తమ్ముడికి నీళ్ళు పోసే ఓపిక ఉంటే ఒప్పుకుంటాను. వాణ్ణి నేను ఎరుగుదును.

సగం_ఎండ
కొత్తమొక్క గారూ, మీ వేడికి ట్యులిప్, హయసింత్ అసలు కొనకండి, ఎంత చవగ్గా వచ్చినా సరే. ట్యులిప్ కాడ సాగాలంటే 12 నుంచి 16 వారాలు చలి తగలాలి, సుమారు 9 డిగ్రీల లోపు. మీ దగ్గర ఆ చలి ఫ్రిజ్‌లో తప్ప దొరకదు.

ఆ ఫ్రిజ్ సంగతీ నేను చూశాను. ముప్ఫై ట్యులిప్ దుంపలు కాగితం సంచిలో వేసి కూరగాయల అరలో పెట్టాను, పధ్నాలుగు వారాలు. రోజూ క్యాలెండర్ మీద గీతలు. నాటాక ఆకులు భేషుగ్గా వచ్చాయి, పువ్వు రాలేదు. ఒకదాన్ని తవ్వి, బ్లేడుతో నిలువుగా కోశాను. నట్టనడుమ, ఆకుల మొదట్లో, గోధుమగింజంత మొగ్గ ఉంది. గోధుమరంగులో ఎండి, గోటితో తాకితే పొడి అయింది. అంటే పువ్వు లోపల తయారై చచ్చిపోయింది. కారణం తర్వాత తెలిసింది. అదే అరలో పక్కనే ఆపిల్ పళ్ళు పెట్టేవాళ్ళం. పండే పళ్ళు ఇథిలిన్ వాయువు వదులుతాయి, అది లోపలి మొగ్గని మాడ్చేస్తుంది.

బాల్కనీబుజ్జి
మీ ఇంట్లో పోస్టుమార్టం కూడా చేస్తారన్నమాట.

కుండీరాణి
సగం_ఎండ గారు మరీ భయపెడుతున్నారు. నేనూ వేడి ప్రదేశమే. ఏటా పది ట్యులిప్పులు, పళ్ళు లేని ఫ్రిజ్‌లో పెట్టి, పూయించి, పూలు అయ్యాక దుంపలు కంపోస్టులో పారేస్తాను. పది రోజుల ముచ్చట. తెలిసే ఖర్చు పెడుతున్నాను. చలి ముందే పట్టించి అమ్మే దుంపలు కూడా ఉంటాయి, అవి తెచ్చిన వెంటనే నాటుకోవచ్చు.

సగం_ఎండ
ముచ్చటకి నేను అడ్డం కాదు. ఆయన అడిగింది మూడు మీటర్ల మడి, తక్కువ ఖర్చు. ట్యులిప్‌లో తల్లి దుంప ఏటా కరిగిపోతుంది, దాని చోట పిల్ల దుంపలు వస్తాయి. చలి దేశాల్లోనే చాలా రకాలు రెండు మూడేళ్ళకి చిక్కిపోతాయి. వేడిలో అయితే పిల్లలు చింతగింజంత దగ్గరే ఆగిపోతాయి. ఏటేటా కొనుక్కోవాల్సిందే.

ఎర్రమన్ను
వేడి చోట్ల తక్కువలో మడి నింపేవి నావి చెప్తాను. వాన లిల్లీ, నేలసంపెంగ, అమరిల్లిస్, కన్నా. ఇవి నాలుగూ పెట్టినవాణ్ణి మోసం చేయవు.

వాన లిల్లీ ఉల్లికాడంత దుంప, ఒక్కటి పెడితే రెండేళ్ళలో గుప్పెడు. ఎండి ఉన్న మడి మీద మంచి వాన పడితే నాలుగైదు రోజుల్లో మొత్తం ఒకేసారి పూస్తుంది. చిన్న దుంపలే అయినా తొందరగా పూతకొస్తాయి. నేలసంపెంగలో ఒక్క తిరకాసు: ఒకసారి పూసిన దుంప మళ్ళీ పూయదు, దాని చుట్టూ వచ్చిన పిలకలే తర్వాత పూస్తాయి. ఇది తెలియక మొదటి పూత అవగానే పీకి పారేసేవాళ్ళున్నారు. కన్నా దుంప కోసి పెట్టుకోవచ్చు, ముక్కకి కన్ను ఒకటి ఉంటే చాలు.

వీటిని కొనడం కన్నా ఎవరి దగ్గరైనా అడగడం మేలు. రెండు మూడేళ్ళకోసారి దుబ్బులు విడదీయకపోతే ఇరుక్కుపోయి పూత తగ్గుతుంది, కాబట్టి విడదీసినవాడికి మిగిలినవి ఏం చేయాలో తోచదు. అడిగితే సంచి నింపి పంపిస్తారు.

చీమలపుట్ట
సంచితో పాటు ఇంకేం పంపిస్తారో కూడా చూసుకోండి. నాకు తెలిసినావిడ ప్రేమగా మూడు అమరిల్లిస్ పిలకలు ఇచ్చింది. ఆకుల మీద పొడుగునా లేత పసుపు చారలున్నాయి. రకం అలాంటిదేమో, భలే ఉందే అనుకున్నాను. అది మొజాయిక్ వైరస్. అదే కత్తితో నా పాత దుంపల కాడలు కూడా కోశాను. మూడేళ్ళలో పన్నెండు కుండీలు అవతల పారేశాను. వైరస్‌కి మందు లేదు. ఉచితంగా వచ్చిన మూడింటికి నేను కట్టిన ధర అది.

ఎర్రమన్ను
అది నిజమే. నేను తెచ్చిన దుంపల్ని ఒక పూత కాలం విడిగా కుండీల్లో ఉంచి, ఆకులు శుభ్రంగా ఉంటేనే మడిలో పెడతాను. కత్తి ప్రతి దుబ్బుకీ తుడవాలి. చారలున్న వాటిని మొహమాటం లేకుండా వద్దనండి.

పాతపార
ఒకప్పుడు ఆ చారలకే ఆస్తులు పోశారు మరి. డచ్చి దేశంలో ట్యులిప్ పిచ్చి ముదిరి 1637 ఫిబ్రవరిలో ధరలు కుప్పకూలాయి కదా, అప్పుడు అందరూ ఎగబడ్డవి రేకుల మీద మంటల్లాంటి చారలున్న రకాలే. ఆ చారలు వైరస్ వల్ల వచ్చేవని తేలింది 1920ల చివర్లో. పేనుబంక పురుగులు దాన్ని అంటిస్తాయి. దుంప ఏటేటా నీరసించిపోయేది, పిలకలు తక్కువ, అందుకే అంత ధర.

లెక్కలమాస్టారు
జబ్బు దుంప కొని దివాలా తీశారంటే మా తమ్ముడే నయం.

కొత్తమొక్క
ఇప్పుడే పాత ప్యాకెట్ దుంపలు తవ్వి చూశాను. అయిదే మిగిలాయి. చుట్టూ దారం తిప్పి స్కేలు మీద పెట్టాను: 4, 4, 5, 6, ఇంకొకటి 7. ఆ 7 దుంప మాత్రం బిళ్ళలా చదునుగా ఉంది, మిగతావి ఉల్లిపాయల్లా ఉన్నాయి. దీని అడుగున జొన్నగింజల్లాంటివి ఓ ఇరవై వేలాడుతున్నాయి. ఇదేమైనా పురుగు గుడ్లా?

నిదానం
అయ్యో పారేయకండి! ఆ చదునుది గ్లాడియోలస్. గింజల్లాంటివి దాని పిల్లలు. తీసి ఎండబెట్టి పెట్టుకోండి. నాటే ముందు ఒక రోజు నీళ్ళలో నానబెట్టి, గట్టి పెంకు గోటితో కొంచెం గీరితే త్వరగా మొలుస్తాయి. రెండు మూడు కాలాలు పెంచితే పూస్తాయి. నేను ఇలాగే ఒక దుంప నుంచి ఇప్పుడు ఒక వరస చేశాను. మీకు ఇరవై మొక్కలు ఉచితం, ఆ ప్యాకెట్‌వాడికి తెలియకుండా ఇచ్చినవి.

బాల్కనీబుజ్జి
"ఇంకా ఎన్నో" అన్నాడు కదా పాపం, అబద్ధం ఆడలేదు.

విడిరేకు
కొనక తప్పదనుకుంటే ఎప్పుడు కొనాలన్నది ఎవరూ చెప్పలేదు. రెండే సమయాలు. ఒకటి, సీజన్‌కి మూడు నాలుగు నెలల ముందు. అప్పుడు దుంపలు పెంచేవాళ్ళు ఆర్డర్లు తీసుకుంటారు, మంచి సైజులు ఇంకా ఉంటాయి. రెండు, సీజన్ అయిపోయే వారం, మిగిలినవి వదిలించుకునేటప్పుడు. నేను రెండోదాని మనిషిని. సగానికి సగం తగ్గుతుంది, కానీ చేత్తో చూసి ఏరుకునే చోటే కొంటాను. దుంప గట్టిగా ఉండాలి, సైజుకి తగ్గ బరువు ఉండాలి. అడుగున వేళ్ళు పుట్టే బిళ్ళ మెత్తబడితే వద్దు. పైపొట్టు ఊడితే ఫరవాలేదు, పైపైన నీలం బూజు ఉన్నా దుంప గట్టిగా ఉంటే తుడిచి నాటుకోవచ్చు.

చలి దేశాల్లో ఉన్నవాళ్ళు చివర్లో ట్యులిప్ కొన్నా నష్టం లేదు, ఆలస్యంగా నాటినా పూస్తుంది. డాఫొడిల్ అలా కాదు, అది ముందే వేళ్ళు వేస్తుంది కాబట్టి చివరి సరుకు అంత మేలు కాదు.

కుండీరాణి
మూడో సమయం ఉంది. పూసిన కుండీలు అమ్ముతారు కదా, హయసింత్, అమరిల్లిస్. పూలు వాడగానే వాటిని ఎవరూ చూడరు, దాదాపు ఊరికే ఇచ్చేస్తారు. అమరిల్లిస్ అయితే పూలకాడ మాత్రం కోసి, ఆకుల్ని ఎండలో బాగా పెంచండి. ఆకు ఎంత పెరిగితే దుంప అంత ఊరుతుంది. నాకున్న తొమ్మిదింట్లో ఆరు అలా వచ్చినవే.

సగం_ఎండ
దీనికి మాత్రం చేతులెత్తి ఒప్పుకుంటున్నాను. ఆకులు వాటంతటవే పండి ఎండేదాకా ముట్టుకోకూడదు. చూడ్డానికి బాలేదని ముడులేసి జడలు అల్లేవాళ్ళని చూశాను, అది దుంప కడుపు మీద కొట్టడమే.

మట్టిచేతులు
మేం అయిదుగురం కలిసి వందల లెక్కన తెప్పించుకుంటాం. విడిగా కొన్నదానికన్నా బాగా కలిసొస్తుంది. గొడవలూ ఉంటాయి. మొదటిసారి ఎరుపు, తెలుపు, గులాబీ అన్నీ ఒకే బల్ల మీద పోసి పంచాం. పొట్టు చూసి రంగు చెప్పడం ఎవరి తరం? తెల్లటి మడి కావాలన్నావిడకి ఎర్రటి మడి పూసింది, ఆరు నెలలు మాట్లాడలేదు. ఇప్పుడు ఒక సంచి పంచడం అయ్యాకే ఇంకో సంచి ముడి విప్పుతాం, ప్రతి కవరు మీదా పేరు, సైజు, రంగు.

కొత్తమొక్క
నీలం లిల్లీ, ఏడు రంగుల ట్యులిప్ విత్తనాలు చాలా తక్కువకి కనిపిస్తున్నాయి. విత్తనాలతో అయితే ఖర్చు ఇంకా తగ్గుతుంది కదా?

పాతపార
ఏడు రంగుల ట్యులిప్ ఆ ఫోటోలో తప్ప ఎక్కడా పూయదు. అసలు ట్యులిప్ విత్తనం నాటినా పూతకి అయిదారేళ్ళు, పైగా తల్లి రంగు రాదు.

విత్తనాలే కావాలంటే డాలియా వేయండి, అదే ఏడు పూస్తుంది, కింద దుంప కూడా కడుతుంది. దుంపలు కొంటే మాత్రం పైన పాత కాండం మొదలు అంటి, కన్ను ఉందో లేదో చూడండి. కన్ను లేని డాలియా దుంప ఎంత లావున్నా మొలవదు.

నిదానం
అమరిల్లిస్ విత్తనం కూడా. పువ్వుకి పువ్వు పుప్పొడి రాస్తే కాయ వస్తుంది, పగిలితే నల్లటి కాగితం బిళ్ళల్లాంటి గింజలు. నీళ్ళ మీద వేస్తే తేలుతూ అక్కడే వేరు పొడుచుకొస్తుంది. పూతకి మూడు నాలుగేళ్ళు. ఆగలేకపోతే దుంపనే కోసి పిల్లలు చేయొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద దుంపని నిలువుగా ఎనిమిది ముక్కలు చేస్తాను, ప్రతి ముక్కకీ అడుగు బిళ్ళ కొంచెం అంటి ఉండాలి. కొద్దిగా తడిపిన వర్మిక్యులైట్‌లో (తడి పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు గుల్లలు) కలిపి, ప్లాస్టిక్ కవర్లో కట్టి, చీకట్లో వెచ్చగా పెడతాను. సుమారు మూడు నెలలకి పొరల మధ్య శనగగింజంత పిల్లలు. మొదటిసారి కత్తి దించేటప్పుడు చెయ్యి వణికింది, ఒప్పుకుంటాను.

చీమలపుట్ట
ఆ కవరు మీద కూడా పేరు రాయండి. డాఫొడిల్, అమరిల్లిస్ దుంపల్లో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులే. వంటింట్లో ఉల్లిపాయల బుట్ట పక్కన పెట్టకండి. హయసింత్ దుంప ముట్టుకుంటేనే చేతులు దురద పెడతాయి, తొడుగులు వేసుకోండి.

విడిరేకు
ఇంకోటి. స్నోడ్రాప్, సైక్లమెన్ లాంటివి అనుమానం వచ్చేంత చవగ్గా కనిపిస్తే, అడవిలో తవ్వి తెచ్చినవేమో అడగండి. ఇలాంటి అడవి దుంపలు దేశాలు దాటడం మీద సైటీస్ కింద నియంత్రణ ఉంది, అది అడవి మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం. తోటలో పెంచినవి ఒకే సైజులో శుభ్రంగా ఉంటాయి. తవ్వినవి వంకర టింకరగా, మట్టి, తెగిన వేళ్ళతో వస్తాయి.

కొత్తమొక్క
చివరికి నేను చేసింది చెప్తాను. వాన లిల్లీ, నేలసంపెంగ తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్నాను, వేరే కుండీల్లో ఉంచాను. పెద్ద అమరిల్లిస్ రెండే కొన్నాను, అంగట్లో టేపు పెట్టి కొలిచాను. అమ్మేవాడు నన్ను దర్జీ అనుకున్నాడు. ఒకటి 28, ఇంకొకటి 30. మెడ, భుజాలు మట్టి పైన ఉండేలా నాటాను. గ్లాడియోలస్ గింజలు ఇరవై మూడు లెక్క తేలాయి. మడి మూడు వంతులు ఖాళీగానే ఉంది, ఈ ఏటికి అంతే.

లెక్కలమాస్టారు
28, 30. మా తమ్ముడికి పంపిస్తున్నాను ఈ కబురు.

కొత్తమొక్క
అయిదు నెలల తర్వాత వచ్చాను. మడిలోకి మార్చిన వాన లిల్లీలు మొన్నటి వానకి పూశాయి, ముప్ఫై ఒకటి లెక్కపెట్టాను, సాయంత్రానికి ముడుచుకున్నాయి. 30 అమరిల్లిస్ రెండు కాడలు వేసింది, 28ది ఒకటే. గ్లాడియోలస్ గింజల్లో పధ్నాలుగు మొలిచాయి, గడ్డిలాగే ఉన్నాయి. ఈసారి కంగారు పడలేదు. ఒక నేలసంపెంగ కాడ మీద మొగ్గలున్నాయి, కింద పిలకలు ఎన్నున్నాయో తవ్వి చూడాలని చేతులు పీకుతున్నాయి.

ఎర్రమన్ను
తవ్వకండి. పూసి ఆకు పండేదాకా ఆగండి. పిలకలు మిగిలితే ఈసారి మీరే అడిగినవాళ్ళకి ఇవ్వాలి మరి.

బాల్కనీబుజ్జి
ఇదంతా చదివి నేనూ నాలుగు వాన లిల్లీలు పెట్టాను. బాల్కనీ బల్బు మాత్రం ఇంకా మార్చలేదు, రాత్రిపూట ఫోన్ లైటు వేసి చూసుకుంటున్నాను.